ఎస్తేరు టీచరుకు వినిపించని జవాబులు

మొన్న మా అమ్మాయిని తీసుకురావడానికి ప్లేస్కూలుకు వెళ్లి తలుపు తోయగానే గోల వచ్చి మీద పడింది. తిరుపతిలో ఒక ఇరుకు సందులో, కింది అంతస్తులో ఉంటుంది ఆ గది. పిల్లలందరూ ఒకే పాటను తలా ఒక వేగంతో అరుస్తున్నారు. అరుపులు గోడలకు కొట్టుకుని అక్కడే సుడి తిరుగుతున్నాయి. ఒక్క మాటా విడిగా వినపడదు, చెవుల్లో ఒకటే మోత. మైనపు బలపాల వాసన ఒకటి. ఆ మోతలో నేను మా అమ్మాయిని పిలిచాను. పిలిచాను అనుకున్నాను. నా గొంతులోంచి చప్పుడే రాలేదని కాసేపటికి గాని తెలియలేదు. పెదాలు మాత్రం పెద్దగా, విడివిడిగా కదిలాయి. అది నావైపు చూడనేలేదు. టీచరమ్మాయి నవ్వుతూ వచ్చి, "మీ పాపకు వస బాగా పోసినట్టున్నారు మేడమ్, నోరు మూతపడదు. అన్నిటికీ అదే ముందు. చాలా తెలివైంది" అంది. తెలివి సంగతి నాకు తెలియదు గాని, నోరు వాళ్ల నాన్నది. ఈ కాలంలో కూడా చిన్నపిల్లల తెలివిని గొంతుతోనే కొలుస్తున్నారని అప్పుడు అనుకున్నాను. అనుకోగానే ఎస్తేరు టీచర్ గుర్తొచ్చారు.

మాది నగరి. నాకు నాలుగేళ్లప్పుడు మా వీధి చివర ఒక అద్దె ఇంటి హాల్లో ఎస్తేరు టీచర్ బేబీ క్లాసు నడిపేవారు. పొట్టి మనిషి, బలమైన మనిషి. అందరూ కొప్పులో పూలు పెట్టుకుంటే ఆమె సుద్దముక్క పెట్టుకునేవారు. కావలసినప్పుడు చెయ్యి వెనక్కి పోనిచ్చి తీసి, పలక మీద అక్షరం గీసి, మళ్లీ కొప్పులో గుచ్చేసేవారు. ఆ మనిషికి దేవుడు ఇచ్చిన గొంతు చర్చి హాలు మొత్తం నిండేది. ఆదివారం ఆమె పాట ఎత్తుకుంటే మా వీధిలో ఉన్న మాకూ వినపడేదని మా అవ్వ చెప్పేది. పిల్లల్ని కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. ఆ రోజుల్లో అది చిన్న సంగతేమీ కాదు. ఆమెకు గోల అంటే ఇష్టం. "పిల్లకాయలంటే ఇల్లు ఎగిరిపోయేట్టు అరవాల. మూగ్గా ఉండే ఇంట్లో బిడ్డలు పెరగరు" అని తల్లులకు చెప్పేవారు. ఆ మాట చాలామంది పిల్లల విషయంలో నిజం కూడా. బెదిరిపోయి వచ్చిన ఎందరో పిల్లలు ఆ హాల్లో నోరు తెరిచారు. ఆమె మంచితనం మీద నాకు ఈ రోజుకీ అనుమానం లేదు. ఆమె పొరపాటు కూడా ఆ మంచితనంలోంచే పుట్టింది, అందుకే దాని మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు.

మా ఇల్లు సంగతి చెప్పాలి. ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు, అందులో నాయన పవర్‌లూమ్ మగ్గాలు. లుంగీలు, తువ్వాళ్లు నేసేవాళ్లం. కరెంటు ఉన్నంతసేపూ టకటకమని ఆ మోత ఆగదు. పక్కన నిలబడి అరిచినా వినపడని చోట మనుషులు ఊరికే ఉండరు కదా, వాళ్లకూ కబుర్లు కావాలి, పోట్లాటలు కావాలి. అందుకని మా ఇళ్లల్లో అందరూ పెదాలతో మాట్లాడతారు. మాటను గొంతులోంచి తీసేసి, పెదాల మీద పెద్దగా పలికి చూపిస్తారు. కనుబొమలు, వేళ్లు సాయానికి వస్తాయి. దారం తెగిందని ఒక వేలు, చుట్టాలు వచ్చారని రెండు కనుబొమలు. మా అమ్మ షెడ్డు ఈ చివర నూలు కండెలు చుట్టుకుంటూ ఆ చివర ఉన్న నాయనతో సంసారం మొత్తం మాట్లాడేది. నాకు మాటలు వచ్చింది ఆ షెడ్డులోనే. మోత ఉన్నచోట గొంతు చించుకోకూడదని, పెదాలతో చెప్పాలని, ఎదుటివాళ్లు చూస్తారని అమ్మ నేర్పింది. కరెంటు పోయినప్పుడు మాత్రం గొంతుతో మాట్లాడేదాన్ని, అదీ మెల్లగా. గొంతు పెంచడమంటే కోపం వచ్చిందని మా ఇంట్లో అర్థం.

చదువు నాకు ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. నూలు బేళ్ల మీద అతికించిన కాగితాల్లో ఒకవైపు తమిళం, ఒకవైపు తెలుగు ఉండేది. వాటిని చూస్తూ చూస్తూ రెండూ పట్టుకున్నానట. ఒకసారి నాయన కొత్త చారల లుంగీ నేస్తున్నాడు. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. నీలం తరువాత రావలసిన పసుపు ఒకచోట రాలేదు. నాయన నావైపు తిరిగేదాకా ఆగి, "పసుపు లేదు" అని పెదాలతో చెప్పాను. ఆయన మగ్గం ఆపాడు. ఆపి, వంగి చూసి, నన్ను ఎత్తుకుని షెడ్డంతా తిప్పాడు. "సూసినారా, మాయమ్మ కంటికి యేదీ తప్పదు" అని పనివాళ్లందరికీ పెదాలతో చాటింపు వేశాడు. అంత చిన్న పిల్ల చప్పుడు లేకుండా ఒక్క మాట అంటే మగ్గం ఆగింది. లోకమంతా ఇలాగే ఉంటుందని నేను నమ్మాను.

ఆ నమ్మకంతోనే బేబీ క్లాసుకు వెళ్లాను. హాలునిండా పిల్లలు, పాటలు, ఏడుపులు, పలకల చప్పుడు. నాకు అది అచ్చం షెడ్డులాగే ఉంది, కొత్తేమీ అనిపించలేదు. ఎస్తేరు టీచర్ "ఇదేంది?" అని పలక మీద అక్షరం చూపిస్తే నేను పెదాలతో చెప్పాను. ఆమె చూడలేదు. సరే, చూసి ఉంటారులే అనుకున్నాను. నా స్వభావమే అంత. ఏ మాటైనా ఒక్కసారే చెప్తాను. అదీ ఖాయంగా తెలిస్తేనే. చెప్పాక ఎదుటివాళ్ల మొహం చూస్తూ కూర్చుంటాను. వేరే పిల్లలైతే ఎగిరేవాళ్లు, చెయ్యి ఊపేవాళ్లు, ఆమె కొంగు పట్టుకుని గుంజేవాళ్లు. నాకు అలా చేయాలన్న ఊహే రాలేదు. చూసినవాళ్లు చూశారు, లేదంటే వాళ్లకు అవసరం లేదు. ఇది పొగరు కాదు, భయం కూడా కాదు. ఏమిటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నా పక్కన లలిత కూర్చునేది. పక్క వీధిలో వాళ్లవీ మగ్గాలే. దానికి పెదాల మాట వచ్చు, నోరూ ఉంది. టీచర్ ప్రశ్న వేయగానే అది టీచరు వైపు కాకుండా నా మొహం వైపు తిరిగేది. నా పెదాలు కదలగానే, "టీచర్! టీచర్! గొడుగు టీచర్!" అని హాలు అదిరిపోయేలా అరిచేది. ఎస్తేరు టీచర్ మురిసిపోయి దాని బుగ్గ గిల్లేవారు. నాకు అందులో మోసం ఏమీ కనపడలేదు. నేను చెప్తున్నాను, అది అరుస్తోంది, పని జరుగుతోంది. మా షెడ్డులో ఒకరు కండె చుడితే ఒకరు నేస్తారు, ఇదీ అంతే అనుకున్నాను. ఆ ఏడాదిలో నేను సంతోషంగా ఉన్న రోజులు అవే. నన్ను ఎవరూ చూడటం లేదన్న సంగతి నాకు తెలియకపోవడమే ఆ సంతోషం.

వేసవి సెలవులకు ముందు ఒక సాయంత్రం నాయన నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. జుట్టు నిండా దూది పింజలు. పిల్లలంతా వెళ్లిపోయారు, హాలు నిశ్శబ్దంగా ఉంది. నేను నాయన పంచె పట్టుకుని వెనక నిలబడ్డాను. ఎస్తేరు టీచర్ దగ్గరికి వచ్చి, ఎంతో మెల్లగా, బాధగా చెప్పారు. "అన్నా, యేమనుకోవద్దు. బిడ్డ మంచిదే. పాపం, కొంచెం మొద్దు. యేమడిగినా నోరు నముల్తాదే గాని మాట రాదు. ఇంకో ఏడాది ఇదే క్లాసులో కూర్చోబెడదాం. పెద్దబడిలో యేస్తే నలిగిపోతాది."

నాయన "అట్లనేమ్మా" అని మాత్రం అన్నాడు. దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇంటికి వెళ్లాక మగ్గాల మధ్య నిలబడి అమ్మకు పెదాలతో చెప్పాడు. నేను చదువుతానన్న సంగతి ఆ కంగారులో ఇద్దరూ మరిచిపోయినట్టున్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొద్దు అన్న మాట నాకు ముందే తెలుసు. ఎంత కొట్టినా చీలని కట్టెను, అరిగిపోయిన కత్తిని అనేవాళ్లు. మనిషిని కూడా అనొచ్చని ఆ రోజు తెలిసింది. దాని ముందు "పాపం" అని ఉంది చూడండి, అది ఇంకా లోపలికి దిగింది. కోపంతో అన్న మాటైతే మరుసటి రోజుకు పోతుంది.

మరుసటి పొద్దున్నుంచి అవ్వ వస కొమ్ము తేనెలో అరగదీసి నా నాలుకకు రాయడం మొదలుపెట్టింది. "నా బంగారు గదా, ఒక్క మాట గట్టిగా అను మే. అవ్వా అని అను" అని గడ్డం పట్టుకుని బతిమాలేది. ఆ కారానికి కళ్లల్లో నీళ్లు వచ్చేవి గాని గట్టి మాట వచ్చేది కాదు. నాయన నన్ను బేబీ క్లాసుకు పంపడం మానేశాడు. "మొద్దయినా మా బిడ్డే, మా కండ్ల ముందరే ఉంటాది" అన్నాడు. నేను మళ్లీ గడప మీద కూర్చున్నాను. ఒక రోజు నాయన నేస్తున్న గుడ్డలో ఎరుపు చార తప్పిపోయింది. నేను చూశాను. చెప్పలేదు. జానెడు గుడ్డ నేశాక నాయనే చూసుకుని, నావైపు తిరిగి, "నువ్వు సూడలేదా మే?" అని పెదాలతో అడిగాడు. లేదని తల ఊపాను. ఎస్తేరు టీచర్ నాకు చేసిన నష్టం ఏదైనా ఉంటే అది ఇదే. ఏడాది చదువు పోతే మళ్లీ వస్తుంది. కళ్లెదుట కనపడినదాన్ని కనపడిందని చెప్పే ధైర్యం అంత తొందరగా తిరిగి రాదు.

సెలవులు అయిపోయి క్లాసు మళ్లీ మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. బయటపెట్టింది లలితే, పెద్దబడికి వయసు చాలక అది ఇంకా ఆ క్లాసులోనే ఉంది. టీచర్ ఏమడిగినా అది పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసి బిక్కమొహం వేస్తోందట. "అన్నీ సెప్పేదానివి గదా మే, ఇప్పుడేమైంది?" అని టీచర్ అడిగితే, "సెప్పేది గౌరి గదా, టీచర్. నేను అరిసేదాన్ని" అని నా పేరు చెప్పిందట, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

ఆ సాయంత్రమే ఎస్తేరు టీచర్ మా షెడ్డుకు వచ్చారు. మగ్గాలన్నీ ఆడుతున్నాయి. గుమ్మంలో నిలబడి ఏదో అన్నారు. ఎవరికీ వినపడలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నారు. చర్చి హాలును నింపే గొంతు మా గుమ్మం దాటలేదు. అమ్మ ముందుగా చూసి, నాకు పెదాలతో చెప్పింది, "మీ టీచరమ్మ వచ్చింది, దండం పెట్టు" అని. నేను అమ్మకు పెదాలతోనే జవాబు చెప్పాను. "నన్ను మొద్దు అనింది గదా. మళ్లీ యెందుకు వచ్చింది?" టీచర్ మా ఇద్దరి మొహాలనూ మార్చి మార్చి చూశారు. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. ఏడాది పొడవునా తాను నమలడం అనుకున్నది ఏమిటో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. అమ్మను బయటికి తీసుకెళ్లి, "బిడ్డ ఇప్పుడు యేమనిందమ్మా?" అని అడిగారు. అమ్మ మర్యాదస్తురాలు. ఇంటికి వచ్చిన మనిషిని నొప్పించదు. "నమస్కారం సెప్తా ఉండాదమ్మా" అంది.

మగ్గాలు ఆగాక ఎస్తేరు టీచర్ నాయనను బతిమాలారు. "తప్పు నాదన్నా. నేను సూడలేదు. బిడ్డను పంపు, నా పక్కనే కూర్చోబెట్టుకుంటా" అన్నారు. నాయన మగ్గం తుడుస్తూ, "పోయిన ఏడు మీ పక్కనే గదమ్మా ఉండింది" అన్నాడు. నన్ను పంపలేదు. ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవాళ్లు. ఆమె ఆదివారం ప్రార్థన అయిపోగానే చర్చి నుంచి నేరుగా మా షెడ్డుకు రావడం మొదలుపెట్టారు. నాయన వద్దనలేదు, కూర్చోమని కూడా అనలేదు. అమ్మే ఒక పీట వేసేది.

ఆ పీట మీద కూర్చుని ఆమె పెదాల మాట నేర్చుకోవడానికి పడిన పాట్లు ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత పెద్ద గొంతున్న మనిషి గొంతును ఆపుకోలేక, మెడ నరాలు ఉబ్బేలా పెదాలు తిప్పితే పనివాళ్లు మగ్గాల వెనక దాక్కుని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేవారు. కొన్నాళ్లకు మా ఇద్దరికీ కుదిరింది. ఆమె పుస్తకాలు తెచ్చేవారు, నేను చదివి పెదాలతో చెప్పేదాన్ని, ఆమె రెప్ప వేయకుండా చూసేవారు. తరువాత ఒక రోజు నన్ను పెరట్లోకి తీసుకెళ్లి ఇంకో పాఠం మొదలుపెట్టారు. "నేను అటు తిరిగి నిలబడతా. నువ్వు నాకేదో సెప్పాల. నేను సూడను. అప్పుడేం జేస్తావు?" అన్నారు. తనే జవాబూ చెప్పారు. "కొంగు పట్టి లాగు మే. లాగినా తిరక్కపోతే మళ్లా లాగు. ఒగసారి సెప్పి ఊరుకుంటే లోకానికి అంత తీరిక యాడుండాది?" ఆమె గోడ వైపు తిరిగి నిలబడేవారు. నేను ఆమె వీపు చూస్తూ నిలబడేదాన్ని. అలా ఎన్నో ఆదివారాలు గడిచాయి. లాగిన రోజు మాత్రం బలంగానే లాగాను, భుజం దగ్గర పిన్ను ఊడిపోయింది. "టీచర్" అన్నాను. గొంతుతోనే అన్నాను. ఆమె అక్కడే నేల మీద కూలబడి నన్ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చారు. నేను చెప్పదలుచుకున్నది గోడ మీద తొండ ఉందని. అది ఆమె వినలేదు.

ఆ మరుసటి ఏడు నాయన నన్ను పెద్దబడిలో చేర్పించాడు. బాగానే చదివాను, ఉద్యోగం వచ్చింది, తిరుపతిలో స్థిరపడ్డాను. అయితే ఆ పెరటి పాఠం నాకు సగమే వచ్చింది. ఇప్పటికీ ఆఫీసు మీటింగుల్లో నేను ఒకసారి మెల్లగా చెప్పిన మాటను పక్కన కూర్చున్నవాళ్లు రెండోసారి గట్టిగా చెప్పి మెప్పు పొందుతూ ఉంటారు. మా ఆయన "నీకు ఇంకా లలితలు దొరుకుతూనే ఉన్నారు" అని ఆటపట్టిస్తాడు. బేబీ క్లాసులో ఆ ఏడాది నన్ను ఎవరైనా చూసి ఉంటే నేను మరో మనిషినయ్యేదాన్నేమో. ఆ మరో మనిషిని అప్పుడప్పుడు తలుచుకుంటాను.

ఎస్తేరు టీచర్ పెద్దవయసులో క్లాసు మూసేసి బంగారుపాళ్యంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. పోయిన మామిడి కాపు రోజుల్లో మా అమ్మాయిని తీసుకుని చూడటానికి వెళ్లాను. బస్సు దిగిన దగ్గర్నుంచి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తీపి వాసన. ఆమె బాగా చిక్కిపోయారు. ఆ గొంతు ఏమైపోయిందో, పక్కన కూర్చుంటే గాని వినపడటం లేదు. మా అమ్మాయి వాగుడు విని సంతోషించారు. "ఇది నీ కూతురంటే నమ్మలేనే" అన్నారు. చెల్లెలు దాన్ని మామిడిపండు కోసిస్తానని లోపలికి తీసుకెళ్లాక, నా చెయ్యి పట్టుకుని, చాలాకాలంగా దాచుకున్న మాట బయటికి తీస్తున్నట్టు అడిగారు.

"గౌరీ, నిజం సెప్పు. ఆ దినం మీ నాయనతో నేనన్న మాట నువ్వు విన్న్యావా? నువ్వు ఆయన వెనకే ఉండావు. అప్పుట్నుంచి నాకు అదే దిగులు."

ఆమెను అలా చూస్తూ ఏమనగలను? "ఏ మాట టీచర్? నాకేం గుర్తు లేదు" అన్నాను. నవ్వాను కూడా. ఆమె నా మొహాన్ని చాలాసేపు చూశారు. "గుర్తు లేకుంటే సరేలేమ్మా" అని నా చెయ్యి వదిలేశారు. ఇంకేదో చెప్పడానికి సిద్ధపడిన మనిషి ఆగిపోయినట్టు అనిపించింది. తరువాత మామిడిపళ్ల ధరల గురించి, ఆమె మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. వానాకాలం మొదలయ్యాక ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది, నిద్రలోనే పోయారని.

ఆమె భారం తగ్గించానని బస్సులో వస్తున్నప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేను. గుర్తు లేదు అన్నాక ఆమె క్షమించమని ఎలా అడుగుతుంది? అడగకుండా నేను ఎలా క్షమిస్తాను? ఆమె అన్ని ఏళ్లూ మోసుకుంటూ వచ్చి నా ముందు దించబోయిన దాన్ని నేను మర్యాద పేరుతో మళ్లీ ఆమె నెత్తికే ఎత్తాను. నేను చెప్పవలసింది ఎంతో పెద్దదేమీ కాదు. విన్నాను టీచర్, ప్రతి అక్షరం విన్నాను, చాలా నొప్పి పుట్టింది. ఆ నొప్పి తెలిసి కూడా ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే లేచి గుమ్మంలో మీకోసం కూర్చునేదాన్ని. ఇంతే. ఈ మాట అప్పుడప్పుడు వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు గొంతుతో, పైకే చెప్పుకుంటున్నాను. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని అడుగుతుంది.